సముద్రజలానికి సారపరీక్ష

భద్రాచలం వంతెన వద్ద గోదావరిని కొలవడం ఖమ్మం సీమవారికి కొత్త సంగతి కాదు. నీటిమట్టం 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగుల వద్ద రెండవది, 53 అడుగుల వద్ద మూడవది. వానకాలంలో రేడియో ముందు కూర్చున్న కుటుంబాలు మా నుండి ముందుగా వినగోరేది ఈ అంకెనే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు, ఈ రెండు లెక్కలను ఏటి ఒడ్డు గ్రామాలవారు ఇంకను మరచిపోలేదు. అయితే ఈ నీటినే మరొక తీరున కొలిచేవారు ఉన్నారు. నీరు ఎంత ఎత్తున వచ్చినదన్నది వారి ప్రశ్న కాదు. ఆ నీరు తనలో కరగించుకొని ఏమేమి తీసుకొనిపోయినది, అది కడలిలో ఎవరికి ఆహారమైనది అన్నది వారి ప్రశ్న. వారు పనిచేసేది గట్టుమీద కాదు, బంగాళాఖాతంలో ఊగుతూ ఉండే పరిశోధక నౌకలో.

అడవి అంచున కాపురముండే మనకు కడలినీటి లెక్కలతో ఏమి ప్రసక్తి అని శ్రోతలు అడుగవచ్చును. నాసికు ప్రాంతంలో పుట్టి మొత్తం 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి, మన ముంగిటికి వచ్చేసరికే ప్రాణహితను, ఇంద్రావతిని కలుపుకొని వస్తుంది. భద్రాచలం దాటిన తరువాత కూనవరం దగ్గర శబరి వచ్చి చేరుతుంది. ఇంత విశాలమైన పరీవాహకంలో రాలిన ఆకు, అరిగిన రాయి, పొలాలలో చల్లగా పైరు తీసుకొనక మిగిలిన ఎరువు, వీటన్నింటిలోను కొంత భాగం పాపికొండల నడుమనుండి దిగి, ధవళేశ్వరం దాటి సముద్రంలో పడవలసినదే. పులస చేప వరదనీటికి ఎదురీది నదిలోకి వస్తుందని అందరికీ తెలుసును. నదినుండి సముద్రానికి పోయే సరుకును గురించి మాత్రం మనం అంతగా ఆలోచించము.

రైతు సోదరులకు భూసార పరీక్ష పరిచితమే. పొలంలో నాలుగైదు చోట్ల మన్ను తీసి, కలిపి, పరీక్షాలయానికి పంపితే నత్రజని ఎంత, భాస్వరం ఎంత, పొటాషు ఎంత అని పత్రం వస్తుంది. ఓడలో జరిగేది కూడ అటువంటి పరీక్షయే. సముద్రంలో పైరు అనగా వృక్షప్లవకాలు. ఇవి కంటికి ఆనని, చాలవరకు ఒక్కొక్క కణంతోనే బ్రతికే మొక్కలు. నెత్తళ్ళు మొదలు తిమింగలం వరకు కడలిలోని జీవకోటి దాదాపు అంతా చివరకు వీటిమీదనే ఆధారపడి ఉన్నది. వీటికి ఎండ కావలెను, నత్రజని కావలెను, భాస్వరం కావలెను. పొటాషియం ఉప్పునీటిలో కావలసినంత ఉన్నది గనుక దాని ఊసు ఎవరూ ఎత్తరు. దానికి బదులుగా మూడవ స్థానంలో సిలికాను కొలుస్తారు. డయాటములు అనే ప్లవకాలు తమ చుట్టూ గాజువంటి చిప్పను కట్టుకొంటాయి. ఆ గాజుకు ముడిసరుకు నీటిలో కరగిన సిలికా. వరి ఊకను కాల్చగా మిగిలే బూడిదలో అధికభాగం సిలికాయే. వరి నేలలోనుండి లాగుకొన్న పదార్థాన్నే డయాటము నీటిలోనుండి లాగుకొంటున్నది.

ఈ పోషకాలు సముద్రంలో ఎంత స్వల్పంగా ఉంటాయో ఊహించుకొనడానికి ఒక లెక్క చెబుతాము. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు కొంచెం ఎక్కువ. ఒక చదరపు కిలోమీటరు విస్తీర్ణం, మీటరున్నర లోతు గల చెరువు నిండుగా ఉన్నదనుకొనండి. అందులోని నీరు 150 కోట్ల లీటర్లు. ఒక్క బస్తా యూరియా ఆ చెరువు నీటిలో సమంగా కలిసిపోతే, అందులోని నత్రజని లీటరుకు దరిదాపు 1 మైక్రోమోల్ అవుతుంది. సముద్రశాస్త్రజ్ఞులు వాడే కొలమానం ఇది. నడి బంగాళాఖాతంలో ఎండ తగిలే పైనీటిలో నైట్రేటు సాధారణంగా ఇంత కూడ ఉండదు. అనేక పర్యాయాలు పరికరానికి అందనంత తక్కువగా ఉంటుంది. అక్కడనే వేయి మీటర్ల లోతుకు దిగితే అదే నైట్రేటు 30 మైక్రోమోళ్ళకు పైబడుతుంది. పైన పస్తు, అడుగున ధాన్యపు పాతర! కారణం కష్టమైనది కాదు. పైన పెరిగిన ప్లవకాలు, వాటిని తిన్న జీవుల మలిన పదార్థాలు, మృతకళేబరాలు నెమ్మదిగా అడుగుకు జారి, అక్కడ కుళ్ళి, తిరిగి లవణాలుగా మారతాయి. ఆ చీకటిలో వాటిని వాడుకొనే మొక్క లేదు. కనుక నిలువ పెరుగుతుంది.

అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934లో మొదలుపెట్టిన పరిశీలనలవల్ల మరొక విశేషం బయటపడినది. ప్లవకాల దేహంలో భాస్వరపు పరమాణువు ఒకటికి నత్రజని పరమాణువులు సుమారు 16 ఉంటాయి. లోతు సముద్రపు నీటిలో కూడ ఇంచుమించు అదే పాలు. ఏ సముద్రపు నీరు ఈ పాళ్ళనుండి ఎంత తప్పినదో చూచి, అక్కడ దేనికి కొరత ఉన్నదో నిర్ణయించవచ్చును. కాని అట్లు నిర్ణయించడానికి ముందు అంకె నమ్మదగినదై ఉండవలెను. ఈ శాస్త్రంలోని శ్రమ అంతా అక్కడనే ఉన్నది.

మన తీరంలో ఈ విద్యకు పునాది పడినది వాల్తేరులో. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఆచార్యులుగా వచ్చినారు. భూగర్భశాస్త్రంలో సి. మహదేవన్, జంతుశాస్త్రంలో పి. ఎన్. గణపతి అప్పుడు అక్కడి ఆచార్యులు. నౌకాదళం ఇచ్చిన ఓడలలో పరిశోధకులు తీరజలాలకు వెళ్ళి నీరు తోడి తెచ్చి పరీక్షించినారు. వేసవి తొలి మాసాలలో గాలి తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు దూరానికి నెట్టబడి, ఆ చోటికి అడుగున ఉన్న చల్లని నీరు ఉబికివస్తుందని లాఫాండ్ విశాఖ తీరంలో గుర్తించినారు. తరువాత, 1959 నుండి 1965 వరకు అనేక దేశాలు కలిసి హిందూమహాసముద్రంపై జరిపిన యాత్రలో, 'ఆంటన్ బ్రూన్' అనే ఓడ 1963లో బంగాళాఖాతానికి వచ్చినది. ఆ ఓడ అంతకు ముందు అమెరికా అధ్యక్షుల విహారనౌక. అధ్యక్షుడు ట్రూమన్ సేదతీరిన ఓడ నీళ్ళ సీసాలు మోయడానికి దిగవలసి రావడం ఓడకు పదోన్నతియే అని మా అభిప్రాయం. ఆ యాత్రలో లాఫాండ్ మళ్ళీ మన తీరానికి వచ్చినారు. ఆంధ్రతీరానికి ఎదుట సముద్రగర్భంలో ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లు ఆయన పెట్టినవే. 1966 జనవరి 1న జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఏర్పడినది. దాని ప్రధాన కార్యాలయం గోవాలో, ఒక ప్రాంతీయ కేంద్రం విశాఖపట్నంలో ఉన్నవి. 1976లో 'గవేషణి', 1983లో జర్మనీలో నిర్మించిన 'సాగర్ కన్య', 2014లో 'సింధు సాధన' మన దేశపు పరిశోధక నౌకలుగా నీట దిగినవి.

ఇక ఓడమీది పని. ముందుగా నిర్ణయించిన అక్షాంశ రేఖాంశాల వద్ద ఓడ ఆగుతుంది. ఆ చోటును వారు స్టేషన్ అంటారు. మన రేడియో స్టేషనుకు గాని రైలు స్టేషనుకు గాని దానితో చుట్టరికం లేదు. అక్కడ నీరు తప్ప మరేమీ ఉండదు. వెనుకటి కాలంలో ఉక్కుతీగకు ఒకదాని పైన ఒకటిగా లోహపు సీసాలు బిగించి దించి, తీగ వెంబడి ఒక ఇత్తడి బరువును జారవిడిచేవారు. అది వెళ్ళి తగలగానే మొదటి సీసా తలక్రిందులై మూతపడి, తన క్రింద ఉన్న మరొక బరువును విడుదల చేసేది. అది రెండవ సీసాకు కబురు. ఇప్పుడు గుండ్రని చట్రానికి 12 గాని 24 గాని పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాలు అమర్చి, రెండు కొనలు తెరచి ఉంచి దించుతున్నారు. చట్రంలోని పరికరం లోతును, ఉష్ణోగ్రతను, లవణీయతను తీగ ద్వారా క్షణక్షణం పైకి తెలుపుతూ ఉంటుంది. తిరిగి పైకి లాగేటప్పుడు, కావలసిన లోతు రాగానే ఓడలో కూర్చున్నవారు ఒక మీట నొక్కుతారు. ఒక గొట్టం రెండు మూతలు మూసుకొని ఆ లోతులోని నీరు బందీ అవుతుంది. మూడువేల మీటర్లకు దించి పైకి తేవడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. అది పగలు కావచ్చును, అర్ధరాత్రి కావచ్చును. సముద్రం కల్లోలంగా ఉన్నదని వాయిదా వేసుకొంటే ఓడ తిరిగి ఆ చోటికి రావడం మరి ఏ సంవత్సరానికో!

చట్రం పైకి రాగానే ఎవరు ముందు నీరు పట్టుకొనవలెనన్నదానికి ఒక వరుస ఉన్నది. గాలి తగిలితే మారిపోయే ప్రాణవాయువు నమూనాకు అగ్రతాంబూలం. తరువాత పోషకాల వంతు. సీసాను ఆ నీటితోనే మూడుసార్లు తొలిచి, నాలుగవసారి నింపుతారు. గాజు సీసా పనికిరాదు, ఏలనగా గాజు కూడ సిలికాయే. అది కొంచెం కరగి నీటిలో కలిస్తే లెక్క తప్పుతుంది. ఇంటిలో పాత్రలు తోమే పొడులు, సబ్బులు కూడ నిషిద్ధం. వాటిలో ఫాస్ఫేటు ఉండవచ్చును. కనుక సీసాలను పలుచని ఆమ్లంతో కడుగుతారు. చేతి చెమట తగులరాదని తొడుగులు వేసుకొంటారు. అమ్మోనియాను కొలిచే గదిలో పొగత్రాగినవాడు ఆనాటి పనిని పాడుచేసినవాడే అవుతాడు. ఇంత చేసినా సీసాలోని నీరు ఊరకుండదు. అందులో చిక్కిన సూక్ష్మజీవులు పోషకాలను తింటూనే ఉంటాయి, విడుస్తూనే ఉంటాయి. అందుచేత కొన్ని గంటలలోనే పరీక్ష ముగించవలెను, లేదా వెంటనే గడ్డకట్టించవలెను. సిలికేటు గడ్డకట్టించినప్పుడు తన రూపం మార్చుకొని మొండికేస్తుంది గనుక దానికోసం వేరే సీసాను చల్లని చీకటిలో ఉంచడం మేలు. ఓడలోనే ప్రయోగశాల ఉండవలసిన అవసరం ఇందువల్ల కలిగినది.

పరీక్ష జరిగేది రంగుతో. దిష్టి తీసేటప్పుడు పసుపునీటిలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అయ్యే సంగతి ప్రతి ఇంటా తెలిసినదే. రెండు పదార్థాలు కలిసి మూడవ రంగు పుట్టడమే ఈ విద్యకు మూలం. ఫాస్ఫేటు ఉన్న నీటిలో అమ్మోనియం మాలిబ్డేటును, ఆమ్లాన్ని, కొంచెం ఆంటిమొనీ లవణాన్ని, ఉసిరికాయలో ఉండే విటమిన్-సిని కలిపితే నీలిరంగు వస్తుంది. మర్ఫీ, రైలీ అనే ఇద్దరు 1962లో ప్రకటించిన ఈ పద్ధతియే నేటికీ ప్రధానంగా వాడుకలో ఉన్నది. సిలికేటుకు కూడ చివరకు వచ్చేది నీలిరంగే. కాని ఆమ్లపు పాలును, కలిపే మందులను మార్చి ఒకదాని రంగు మరొకదానికి అడ్డురాకుండ జాగ్రత్తపడతారు. నైట్రేటు మాత్రం నేరుగా రంగునివ్వదు. రాగిపూత పూసిన కాడ్మియం రేణువులు నింపిన సన్నని గొట్టం గుండా నీటిని పంపితే నైట్రేటు నైట్రైటుగా మారుతుంది. అప్పుడు రెండు మందులు కలుపగా ముద్దుగొలిపే గులాబిరంగు వస్తుంది. రంగు ముద్దుగా ఉన్నా కాడ్మియం విషం. ఆ పరీక్షలో మిగిలిన నీటిని కడలిలో పారబోయక డబ్బాలలో నింపి ఒడ్డుకు తీసుకొనిరావడం మర్యాద.

రంగు ఎంత చిక్కనిదో కంటితో చెప్పలేము. ఒక నిర్ణీతమైన వర్ణపు కాంతిని ఆ నీటిగుండా పంపి, ఎంత వెలుగు అవతలికి చేరినదో యంత్రంతో కొలుస్తారు. పదార్థం రెట్టింపైతే నీరు మ్రింగే కాంతి కూడ లెక్క ప్రకారం పెరుగుతుంది. ముందుగా తెలిసిన మోతాదులతో తయారుచేసిన నమూనాలతో పోల్చి తెలియని నమూనా విలువ కడతారు. ఊగే ఓడలో త్రాసు నిలకడగా ఉండదు గనుక ఈ మందులన్నింటిని ఒడ్డుననే తూచి పొట్లాలు కట్టి తీసుకొనిపోతారు. ఇప్పుడు చాల ఓడలలో ఈ పనిని స్వయంచాలక యంత్రం చేస్తున్నది. సన్నని గొట్టాలలో నమూనా, మందు, గాలిబుడగ, మళ్ళీ నమూనా ఇట్లు వరుసగా నడుస్తాయి. ఒక సీసా నీరు ఇంకొకదానితో కలియకుండ కావలి కాసేది ఆ బుడగయే. లెనర్డ్ స్కెగ్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆసుపత్రులలో రక్తపరీక్షల కోసం రూపొందించి 1957లో ప్రకటించిన యంత్రం ఇది. ఆసుపత్రి నుండి ఓడలోకి ఎక్కినది.

బంగాళాఖాతంలో దీనికి అదనంగా ఒక చిక్కు ఉన్నది. నీటిలోని ఉప్పు రంగుమీద, కాంతిమీద ప్రభావం చూపుతుంది. పోల్చి చూచే నమూనాను కూడ అదే ఉప్పదనం గల నీటితో చేయవలెను. కాని వరదల కాలంలో గోదావరి, మహానది, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి నదుల నీరు వచ్చిపడి ఒక స్టేషనుకు మరొక స్టేషనుకు ఉప్పదనం మారిపోతూ ఉంటుంది. దానికి తగిన సవరణ చేయకపోతే, నది పోషకాలు తెచ్చినదనుకొన్నది వట్టి దృష్టిభ్రమ కావచ్చును. ఇందుకు సాక్షిగా నిలిచేది లోతైన నీరు. రెండు మూడు వేల మీటర్ల అడుగున పోషకాలు ఏటేటా చెప్పుకోదగినంతగా మారవు. ఈ ఏటి యాత్రలో ఆ లోతు అంకె హఠాత్తుగా మారినట్లు కనబడితే మారినది సముద్రం కాదు, పరీక్ష. మొత్తం రోజుటి పనిని తిరిగి తరచి చూడవలసి ఉంటుంది. మా దృష్టిలో ఈ శాస్త్రానికి గౌరవం తెచ్చినది ఏ యంత్రమూ కాదు, ఈ అనుమానమే.

ఇన్ని జాగ్రత్తలతో కట్టిన లెక్క తేల్చినదేమి? నదులు బంగాళాఖాతంలో పోసే మంచినీరు ఏటా సుమారు లక్షా అరవై వేల కోట్ల ఘనపు మీటర్లు. ఇంత నీరు మోసుకొని వచ్చే సారంతో ఆ సముద్రం సస్యశ్యామలంగా ఉండవలెనని ఎవరైనా అనుకొంటారు. వాస్తవంలో వేసవి రుతుపవన కాలంలో అరేబియా సముద్రం కంటె అది బీదది. ఎస్. ప్రసన్నకుమార్, ఆయన సహచరులు 2002లో దీనికి చెప్పిన కారణం ఇది: తేలికైన మంచినీరు ఉప్పునీటిపై మూతవలె పరచుకొంటుంది, అరేబియా సముద్రంలో వీచేపాటి బలమైన గాలి ఇక్కడ వీచదు, అందుచేత ఆ మూతను చిల్చి అడుగు పాతరలోని పోషకాలు పైకి రాలేవు. నది తెచ్చిన సారమో, తీరం దాటి ఎంతో దూరం పోకముందే ఖర్చైపోతుంది. పాలమీద మీగడ కట్టినట్లు ఉన్నదని పైకి కనబడుతుంది గాని, ఇక్కడి మీగడకు సారం లేదు. తుఫాను వచ్చినప్పుడు మాత్రం ఆ మూత చెదరిపోతుంది. 1999 అక్టోబరు చివర ఒరిస్సాను ముంచిన పెనుతుఫాను వెళ్ళిన తరువాత పైనీటిలో పోషకాలు, వాటితోపాటు ప్లవకాల పచ్చదనం పెరిగినట్లు నమోదైనది.

నదీముఖంలోను ఇటువంటి వింతయే. విశాఖ కేంద్రపు శాస్త్రజ్ఞులు యానాం వద్ద గౌతమిలో ప్రతిదినం నీరు తీసి పరీక్షించినారు. వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు పోషకాలకు లోటు లేదు; కాని మన్ను కలసిన ఎర్రనీటిలోకి వెలుగు దిగదు, ప్రవాహం ప్లవకాలను నిలువనీయదు. వరద తీసి నీరు తేరిన తరువాతనే అవి పెచ్చు పెరుగుతాయి. భద్రాచలంలో మూడవ హెచ్చరిక ఎత్తివేసిన వార్త చదివినప్పుడు మనకు ముగిసిన కథ యానాంలో ఆ తరువాత కొన్నాళ్ళకు మొదలవుతుందన్నమాట.

ఇప్పుడు అసలు ఆందోళనకు వద్దాము. నదిమీద ఆనకట్టలు పెరిగినవి. పోలవరం వద్ద మరొకటి నిర్మాణంలో ఉన్నది. జలాశయంలో నీరు నిలిచినప్పుడు ఒండ్రు అడుగున పేరుకొంటుంది, సిలికాలో కొంత భాగాన్ని అక్కడి డయాటములే వాడుకొని అడుగుకు చేరుస్తాయి. మరొక ప్రక్క పొలాలలో ఎరువుల వాడకం వల్ల నత్రజని పెరుగుతుంది. సిలికా తగ్గి నత్రజని పెరిగిన నీటిలో డయాటములు వెనుకబడి, చేపలకు అంతగా రుచించని, కొన్ని సమయాలలో హాని కూడ చేసే ప్లవకాలు ముందుకు రావచ్చును. నైలునదిపై అస్వాన్ ఆనకట్ట వెనుక 1964లో నీరు నిలుపసాగిన తరువాత, వరద ఆగిపోయి, కొద్ది సంవత్సరాలలోనే ఈజిప్టు తీరంలో సార్డీన్ చేపల వేట కుప్పకూలినది. 1980లలో అది తిరిగి పుంజుకొనసాగినది. అందుకు పొలాల ఎరువులు, నగరాల మురుగు కారణమని పలువురి అభిప్రాయం. మన గోదావరికి అదే గతి అని మేము చెప్పము. నైలు వరద అంతా ఆగిపోయినది, గోదావరి వరద ఆగలేదు. అయితే ఏది మారినదో చెప్పడానికి మారకముందటి అంకె ఉండవలెను కదా!

అంతకంటె గంభీరమైన సంగతి ఒకటి. బంగాళాఖాతంలో రమారమి 100 నుండి 400 మీటర్ల వరకు ఉన్న నీటిలో ప్రాణవాయువు దాదాపు లేదు. అరేబియా సముద్రంలో అటువంటి పొరలో సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువునే పీల్చుకొని నత్రజనిని గాలిగా మార్చివేస్తున్నవి. బంగాళాఖాతంలో ఆ పని పెద్దయెత్తున జరుగకుండ ఆపుతున్నది అక్కడ లేశమాత్రంగా మిగిలిన ప్రాణవాయువేనని 2017లో ప్రకటించిన పరిశోధన చూపినది. భూమినుండి పోషకాలు మరింతగా వచ్చిపడి, కుళ్ళే పదార్థం పెరిగితే ఆ లేశం కూడ ఖర్చుకావచ్చును. అందుచేతనే ఓడలోని రసాయనికులు ఆ పొరలో నైట్రేటుతోపాటు నైట్రైటును కూడ పట్టుదలగా కొలుస్తున్నారు. మార్పు మొదలైతే ముందుగా తెలిసేది అక్కడనే.

అక్టోబరు దాటిన తరువాత తూర్పుతీరపు ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఆగస్టులో మన వంతెన క్రింద పోయిన నీటిలో కొంత, ఇతర నదుల నీటితో కలిసి, నవంబరు డిసెంబరు మాసాలలో నెల్లూరు, చెన్నపట్నం తీరాల వెంబడి సింహళం వైపు సాగుతుంది. ఆ దారిలో ఓడ ఆగి నీరు తోడితే, నైట్రేటు పరీక్షకు గులాబిరంగు రాకపోవచ్చును; దానిని ప్లవకాలు ఏనాడో ఆరగించి ఉంటాయి. ఉప్పదనం తగ్గిన నీటిలో సిలికేటు మాత్రం ఇంకను కొంత మిగిలి, నీలిరంగు చూపుతుంది. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసుకొని, ఆ నీటిలో నదిపాలు ఎంతో రసాయనికుడు లెక్కకడతాడు.